ఆ కాయితం మీద సంతకం పెట్టకండి

(మున్సిపాలిటీ, ఆసుపత్రి నాలుగో తరగతి ఉద్యోగుల సభలో మా తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కాలు పోయినవాళ్ల గురించి మన సభల్లో మాట్లాడుకున్నాం. మ్యాన్‌హోల్లో దిగి ఊపిరాడక చచ్చిపోయినవాళ్ల గురించి మాట్లాడుకున్నాం. మతి చెడినవాళ్ల గురించి మాత్రం ఇన్నేళ్లలో ఒక్క సభలోనూ మాట్లాడుకోలేదు. ఎందుకని? సిగ్గు. మన ఇంట్లో అట్లాంటి మనిషి ఉన్నాడని తెలిస్తే పిల్లకు సంబంధం రాదని భయం. మన సిగ్గునూ మన భయాన్నీ ఆసరా చేసుకుని ఆఫీసులు మనవాళ్ల చేత కాయితాల మీద సంతకాలు పెట్టించుకుంటున్నాయి. ఆ సంగతి చెప్పడానికే ఈ పూట మీ ముందు నిలబడ్డాం.

ముందు ఒక అన్న కథ చెప్తాం. పేరు చెప్పం, ఊరు చెప్పం. ఆయన ఇంకా ఉద్యోగంలో ఉన్నాడు. ఆయన పిల్లలు బడికి పోతున్నారు.

ఆయన ఒక సర్కారు ఆసుపత్రిలో మార్చురీ అటెండరు. తండ్రి కూడా అక్కడే తోటీ పని చేసి పోయాడు. పోస్టుమార్టం డాక్టరు చేస్తాడని లోకం అనుకుంటుంది. రిపోర్టు మీద సంతకం డాక్టరుదే. కాని చాలాచోట్ల కత్తి పట్టేదీ, పుర్రె తెరిచేదీ, మళ్లీ కుట్టేదీ, కడిగేదీ మనవాడు. డాక్టరు ముక్కుకు గుడ్డ కట్టుకుని ఎడంగా నిలబడి రాసుకుంటాడు. ఈ పనికి మన కులాలవాళ్లే ఎందుకు కావలసివచ్చారో మీకు చెప్పనక్కరలేదు. ఊళ్లో చచ్చిన గొడ్డును ఎవరు లాగారో, ఆసుపత్రిలో చచ్చిన మనిషిని కూడా వాళ్లే ఎత్తాలన్నారు. గవర్నమెంటు ఉద్యోగం అని పేరు మారింది గాని పని మారలేదు.

పంతొమ్మిదేళ్లు చేశాడాయన. తాగకుండా ఆ గదిలోకి ఎవరు పోగలరు? ఆ సంగతి పైవాళ్లకూ తెలుసు. వాళ్లే డబ్బులు చేతిలో పెట్టి, వేసుకుని రారా అని పంపేవాళ్లు. ఒకనాడు బస్సు బోల్తాపడి ఒకే రాత్రి పదకొండు శవాలు వచ్చాయి. అందులో ఇద్దరు బడిపిల్లలు. ఆయన కూతురి ఈడువాళ్లు. ఆ తరవాత ఆయనకు నిద్ర పోయింది. ముద్ద నోటిదాకా తెచ్చి, వాసన వస్తుంది అని పడేసేవాడు. చేతులు కడిగిందే కడిగేవాడు. అర్ధరాత్రి గోడవైపు తిరిగి ఎవరితోనో మాట్లాడేవాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు, కోడిని కోశారు. ఆఫీసువాళ్లు తాగుబోతన్నారు. మరి పల్లెలో ఉన్న మేం ఏమన్నాం? మేమూ తాగుబోతనే అన్నాం. ఆ తప్పు మీ ముందు ఒప్పుకుని ఆ పైన మాట్లాడుతున్నాం.

ఆయన డ్యూటీకి పోవడం మానేశాడు. మెమోలు వచ్చాయి. ఎవరూ విప్పి చూడలేదు, ట్రంకుపెట్టెలో పడేశారు. తొమ్మిది నెలలు గడిచాక ఆఫీసు గుమాస్తా ఒకాయన ఇంటికొచ్చాడు. “అమ్మా, మీ ఆయన మీద చార్జీలు రాస్తున్నారు. డిస్మిస్ చేస్తే మీకు చిల్లిగవ్వ రాదు. మర్యాదగా రాజీనామా ఇస్తే ఏదో ఒకటి చూద్దాం. ఇదిగో, టైపు చేయించి తెచ్చాను. ఇక్కడ సంతకం పెట్టించు” అన్నాడు. ఆ తల్లికి చదువు లేదు, తెలివి ఉంది. “ఆయన పడుకున్నాడు బాబూ, రేపు రండి” అని పంపేసి, ఆ రాత్రే కాయితం కొంగున కట్టుకుని మా దగ్గరికి వచ్చింది.

మన తాతలు దొర దగ్గర తెల్లకాయితం మీద వేలిముద్ర వేశారు. ఉన్న అరెకరం పోయింది. వాళ్లకు చదువు రాదు. మనం చదువుకున్నాం, సంతకం నేర్చుకున్నాం. ఆ సంతకంతోనే ఉద్యోగం పోగొట్టుకుంటే ఇంక మనకూ వాళ్లకూ తేడా ఏముంది? అందుకని ఏ కాయితం ఏం చేస్తుందో ఒక్కొక్కటిగా చూద్దాం. గవర్నమెంటు ఉద్యోగి మంచానపడితే ఆఫీసు అతని ముందు పెట్టే దారులు నాలుగు.

మొదటిది రాజీనామా. పర్మనెంటు ఉద్యోగి రాజీనామా ఇస్తే అంతకుముందు చేసిన సర్వీసంతా పోయినట్టే. పందొమ్మిదేళ్లు చేసినా ఇరవయ్యేళ్లు చేసినా పెన్షన్ రాదు. మర్యాదగా వెళ్లమనడంలో ఉన్న మర్యాద అంతే.

రెండోది తీసివేత. సెలవు లేకుండా ఏడాదికి మించి రాకపోతే రాజీనామా చేసినట్టే లెక్క అని మన రెండు తెలుగు రాష్ట్రాల సర్వీసు నిబంధనల్లో ఉంది. మతి బాగాలేని మనిషి సెలవు చీటీ రాసి పంపగలడా? అతన్ని ఇట్టే ఈ గుంటలో పడేస్తారు. అయితే ఆ నిబంధనలోనే ఇంకో మాట కూడా ఉంది. ఆ పని చేసేముందు, ఎందుకు రాలేదో చెప్పుకునే అవకాశం ఉద్యోగికి ఇవ్వాలి. గుమాస్తా ఆ రెండో మాట చెప్పడు. మనం చెప్పించాలి.

మూడోది స్వచ్ఛంద పదవీ విరమణ. 20 ఏళ్ల సర్వీసు నిండినవాళ్లకు ఇది దొరుకుతుంది. పెన్షన్ వస్తుంది. కాని మన అన్నకు పందొమ్మిదేళ్లే. ఒక్క ఏడాది తక్కువ!

నాలుగోది ఇన్వాలిడ్ పెన్షన్. 1980 నాటి పెన్షన్ నిబంధనల్లోనే ఇది ఉంది. శరీరం వల్లగాని, మనసు వల్లగాని ఉద్యోగి శాశ్వతంగా పని చేయలేని స్థితికి వచ్చాడని మెడికల్ బోర్డు తేలిస్తే పెన్షన్ ఇచ్చి పంపాలి. మనసు అన్న మాట అక్కడ అప్పుడే రాసి ఉంది. సర్వీసు పదేళ్లు నిండి ఉండాలి, లేకపోతే ఒక్కసారి ఇచ్చే గ్రాట్యుటీతో సరి. కేంద్ర ఉద్యోగులకు మాత్రం 2019లో ఈ పదేళ్ల షరతు తీసేశారు. మన రాష్ట్రాల్లో ఇట్లా మెడికల్ మీద వెళ్లిన ఉద్యోగి పిల్లలకో భార్యకో కారుణ్య నియామకం అడిగే పద్ధతి కూడా ఉంది. దానికి ఉద్యోగికి కనీసం అయిదేళ్ల సర్వీసు మిగిలి ఉండాలి. కాబట్టి రిటైరుమెంటు దగ్గరపడేదాకా లాగి, ఆఖర్న అడిగితే లాభం లేదు.

ఇవన్నీ బయటికి పంపే దారులే. లోపల ఉంచే దారి ఒకటి ఉంది. అదే మన ఆఫీసులు చెప్పనిది. అదే ఇవాళ మీరు ఇంటికి పట్టుకుపోవలసింది.

1995లో వికలాంగుల చట్టం వచ్చింది. అందులో సెక్షన్ 47. దాని స్థానంలో 2016 చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 20, నాలుగో ఉపసెక్షన్. ఆ నంబరు గుర్తుపెట్టుకోండి: 20(4). అది ఏం చెప్తుందంటే, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన మనిషిని గవర్నమెంటు ఆఫీసు ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. చేస్తున్న పని చేయలేకపోతే, అదే జీతం అదే సర్వీసు లాభాలతో వేరే పని ఇవ్వాలి. వేరే పోస్టు ఖాళీ లేకపోతే, ఖాళీ వచ్చేదాకా లేదా రిటైరయ్యేదాకా అతనికోసం అదనపు పోస్టు పెట్టి అందులో ఉంచాలి. వైకల్యం అంటే కాలూ చెయ్యీ కన్నూ మాత్రమే కాదు. మనోవ్యాధి కూడా 1995 చట్టంలోనూ ఉంది, ఇప్పటి చట్టంలోనూ ఉంది. గవర్నమెంటు ఆఫీసు అంటే సచివాలయం మాత్రమే కాదు. మున్సిపాలిటీ, పంచాయతీ, ఆర్టీసీ, సర్కారు కంపెనీలు అన్నీ వస్తాయి. కొన్ని రకాల ఉద్యోగాలను నోటిఫికేషన్ ఇచ్చి మినహాయించే అధికారం ప్రభుత్వానికి ఉంది. అట్లా మినహాయించామంటే ఆ నోటిఫికేషన్ చూపించమని అడగండి. నోటిమాట నమ్మకండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. “పని వల్లే పిచ్చి ఎక్కిందని రుజువేమిటి? నువ్వు తాగితే వచ్చింది, మీ వంశంలోనే ఉంది” అని ఆఫీసువాళ్లు వాదిస్తారు. మార్చురీలో పందొమ్మిదేళ్లు ఉన్నవాడి మనసు ఎందుకు విరిగిందో మనకు తెలుసు. కాని 20(4)కి ఆ రుజువు అక్కరలేదు. ఉద్యోగంలో ఉండగా వచ్చిందా లేదా, అంతే చూడాలి. పని వల్ల వచ్చిందని, పని వల్ల ముదిరిందని నిరూపించవలసింది వేరేచోట. కేంద్ర ఉద్యోగులకు, రైల్వేవాళ్లకు అసాధారణ పెన్షన్ అని ఉంది, మామూలు పెన్షన్ కన్నా ఎక్కువ వస్తుంది. దానికి ఆ రుజువు కావాలి. రెండింటినీ కలిపి గుమాస్తా మనల్ని గందరగోళం చేస్తాడు. మీరు కలపనివ్వకండి.

కోర్టులు ఏమన్నాయో కూడా వినండి. ఉద్యోగంలో కాలు పోయిన ఒక కానిస్టేబుల్ కేసులో 2003లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇన్వాలిడ్ పెన్షన్ ఇచ్చాం గదా అని చేతులు దులుపుకోవడానికి లేదు, ఉద్యోగం కాపాడవలసిందే అంది. 2013లో గుజరాత్ కేసు వచ్చింది. మనోవ్యాధి వచ్చిన ఒక పంతులమ్మను బడికి రాలేదని తీసేశారు. సెక్షన్ 47 ఆమెకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. 2021 డిసెంబరులో కేంద్ర బలగాల ఉద్యోగి కేసు. మనోవ్యాధి ఉన్న అతని మీద క్రమశిక్షణ చర్య మొదలుపెట్టారు. ఆ ప్రవర్తనకు జబ్బు ఒక కారణమైనా సరే, అట్లాంటి చర్య వివక్ష అవుతుందని కోర్టు ఆ విచారణను కొట్టేసింది. ఈ తీర్పు మనకు చాలా పెద్ద ఆయుధం. రాకపోవడం, అరవడం, మాట వినకపోవడం, వీటినే గదా చార్జి మెమోలో రాసేది! అవి జబ్బు లక్షణాలైతే నేరం ఎట్లా అవుతాయి? ఇక 2025 ఆగస్టులో మన దగ్గరి కేసే. రంగులు గుర్తుపట్టలేడని ఇంటికి పంపిన ఆర్టీసీ డ్రైవరుకు వేరే పని ఇవ్వవలసిందేనని సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీకి చెప్పింది.

చట్టం ఇంత బాగుంటే మనవాళ్లు రోడ్డున ఎందుకు పడుతున్నారు? పెద్దకులం ఆఫీసరుకు మనసు బాగాలేకపోతే దాన్ని ‘స్ట్రెస్’ అంటారు. మెడికల్ లీవు ఇస్తారు, పండ్లు పట్టుకుని పలకరించడానికి పోతారు. మార్చురీలో మనవాడికి అదే జబ్బు వస్తే తాగుబోతు, పనిదొంగ, “ఈ జాతే ఇంత”. జబ్బుకు కులం లేదు. జబ్బుకు పెట్టే పేరుకు మాత్రం కులం ఉంది.

అట్లా నలుగురి ముందు అవమానించడం కూడా నేరమే. మన అట్రాసిటీ చట్టం మీకు తెలుసు. దాని పోలికలోనే 2016 చట్టం సెక్షన్ 92లో రాశారు. వికలాంగుణ్ణి కించపరచాలని నలుగురూ చూసేచోట కావాలని తిడితే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. పిచ్చోడా అన్నా, కులం పేరు పెట్టి అన్నా, రెండింటికీ రెండు చట్టాలున్నాయి.

ఇప్పుడు అవుట్‌సోర్సింగువాళ్ల మాట. ఈ సభలో సగంమంది వాళ్లే. తెల్లవారుజామున మస్టరు దగ్గర నిలబడేది అందరూ ఒకటే. కాని జీతాల రిజిస్టరులో వీళ్లు ఏజెన్సీ మనుషులు. వీళ్లకు ఇన్వాలిడ్ పెన్షన్ లేదు. ఏజెన్సీ రేపటినుంచి రావద్దంటే అంతే. అయినా వీళ్లకూ కొంత ఉంది, అది తెలుసుకోండి. ఈఎస్ఐ కార్డు ఉంటే, దీర్ఘకాలపు జబ్బుల జాబితాలో తీవ్రమైన మానసిక రోగాలు కూడా ఉన్నాయి. రెండేళ్ల ఉద్యోగమూ, చందా షరతులూ సరిపోతే జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇస్తారు. పీఎఫ్‌లో ఉన్న పెన్షన్ పథకం కింద, ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా పూర్తిగా పని చేయలేని స్థితి వస్తే పదేళ్లు నిండకపోయినా పెన్షన్ ఉంది. కాని ఈఎస్ఐలో పని వల్ల వచ్చే రోగాల పట్టిక వేరే ఉంది. దాంట్లో మనోవ్యాధి లేదు. సీసం విషం ఉంది, దుమ్ము వల్ల ఊపిరితిత్తుల జబ్బు ఉంది, శవాల గది వల్ల వచ్చే జబ్బు లేదు. పట్టిక రాసినవాళ్లెవరూ ఆ గదిలో నిలబడలేదు.

ఈ బీమా మనకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1942 నుంచి 1946 దాకా బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక 1944లో ఆ కాలంలోనే వచ్చింది. 1948 ఈఎస్ఐ చట్టానికి అదే పునాది. ఆయన కాలంలో వేసిన పునాది మీద మన గది మనం కట్టించుకోవాలి.

సరే, ఇంట్లో ఇట్లాంటి మనిషి ఉంటే రేపు పొద్దున ఏం చెయ్యాలి?

ఒకటి: ఏ కాయితం మీదా సంతకం పెట్టనివ్వకండి. ఇప్పటికే రాజీనామా ఇచ్చి ఉంటే, ఆఫీసు దాన్ని ఆమోదించకముందే వెనక్కి తీసుకుంటున్నామని రాసివ్వండి.

రెండు: మనిషిని ఆసుపత్రికి తీసుకుపోండి. తాయెత్తు కట్టుకుంటే కట్టుకోండి, కాని మందు మానకండి. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి అడగండి. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు సర్కారు ఆసుపత్రులు ఉన్నాయి. 14416కి ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. ప్రతి ఓపీ చీటీ దాచండి. మనకు ఆ చీటీలే పొలం పట్టా లాంటివి.

మూడు: వచ్చిన ప్రతి మెమోకూ జవాబు రాయండి. జబ్బు వల్ల రాలేకపోయారని, చీటీల నకళ్లు జతచేశామని, 20(4) కింద వేరే పని ఇప్పించమని. రిజిస్టరు పోస్టులో పంపండి, రసీదు దాచండి.

నాలుగు: సదరం క్యాంపులో సర్టిఫికెట్టు తీసుకోండి. 40 శాతం రాలేదు గనక నీకేం లేదు అంటారు. రిజర్వేషన్లకు 40 శాతం కావాలి. 20(4)లో మాత్రం ఆ అంకె లేదు.

అయిదు: ఆఫీసు వినకపోతే వికలాంగుల రాష్ట్ర కమిషనరుకు ఫిర్యాదు పెట్టండి. లాయరు ఖర్చుకు భయపడకండి. 1987 న్యాయసేవల చట్టం కింద ఎస్సీ ఎస్టీలకు, ఆడవాళ్లకు, వికలాంగులకు ఆదాయం ఎంతన్నది చూడకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు ఉంటుంది.

మన అన్నకు ఇవన్నీ చేశాం. మొదట ఆఫీసువాళ్లు, ఆ చట్టం మాకు రాలేదన్నారు. చట్టం టపాలో వస్తుందా? కమిషనరు దగ్గరికి పోయాం, న్యాయసేవల లాయరమ్మ నిలబడింది. ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరా ఆయన భార్య నాలుగిళ్లలో పాచిపని చేసింది. ఇప్పుడాయన అదే ఆసుపత్రిలో దుప్పట్ల స్టోరులో ఉన్నాడు. జీతం అదే. మందులు వాడుతున్నాడు. కొన్ని రాత్రులు ఇంకా నిద్ర పట్టదు. రాని రోజులను ఎట్లా లెక్కకట్టాలన్న గొడవ ఇంకా తేలలేదు. మార్చురీ వైపు మాత్రం పోనక్కరలేదు.

కాని ఇంకో అక్క ఉంది. మున్సిపాలిటీలో పర్మనెంటు, కాలవలు తీసే పని. ఇరవైరెండేళ్ల సర్వీసు. మతి చెడి, రోడ్డు మీద చీపురు వదిలేసి ఎటో వెళ్లిపోయేది. వాళ్ల తమ్ముడి చేత చెప్పించి రాజీనామా రాయించుకున్నారు. అదే కాయితం మీద రాజీనామా అన్న మాట బదులు స్వచ్ఛంద విరమణ అని ఉంటే ఆమెకు నెలనెలా పెన్షన్ వచ్చేది. ఇరవై నిండి రెండేళ్లయింది గదా! మేం ఆమె దగ్గరికి పోయేసరికి రాజీనామా ఆమోదించి ఏడాది దాటింది. జబ్బులో పెట్టిన సంతకం చెల్లదని కోర్టులో వేశాం. వాయిదాలు పడుతున్నాయి. ఆమె ఇప్పుడు హోటల్లో అంట్లు తోముతుంది. ఆ అన్నకూ ఈ అక్కకూ మధ్య తేడా చట్టం కాదు. ఒక రాత్రి. ఒక కాయితాన్ని కొంగున కట్టుకుని మనలో ఎవరి గుమ్మమైనా తట్టిన రాత్రి.

కాబట్టి ఈ సభ నుంచి మేం అడుగుతున్నవి ఇవి. మార్చురీలో, మురుగుకాలవల్లో పనిచేసేవాళ్లకు ఏటా మనసు పరీక్ష కూడా చేయించాలి, అవసరమైతే చెడకముందే పని మార్చాలి. మెడికల్ బోర్డుకు పంపకుండా ఎవరినీ రాజీనామా చేసినట్టు లెక్కకట్టకూడదు. ఇన్వాలిడ్ పెన్షన్ అడిగినవాళ్లకు ముందుగా 20(4) హక్కు ఉందని చెప్పాలని కేంద్రం 2021 పెన్షన్ నిబంధనల్లో పెట్టింది, అదే నియమం మన రెండు రాష్ట్రాల ఆఫీసుల్లోనూ రావాలి. అవుట్‌సోర్సింగువాళ్లకూ ఈ రక్షణ కావాలి. పని రోగాల పట్టికలో మనోవ్యాధి చేరాలి.

మీ నుంచి ఒక్కటే అడుగుతున్నాం. ఇవాళ ఇళ్లకు పోయాక, మీ పేటలో డ్యూటీకి పోవడం మానేసినవాళ్లు ఎవరున్నారో ఒకసారి తలుచుకోండి. తాగుబోతని మనం పేరుపెట్టి వదిలేసినవాళ్లను తలుచుకోండి. వాళ్ల ఇంటికి పోండి. ట్రంకుపెట్టెలో పడి ఉన్న మెమోలు తీసి చదివిపెట్టండి. ఆఫీసు మనిషి టైపు కొట్టిన కాయితం పట్టుకుని రాకముందే మనం వాళ్ల గుమ్మంలో ఉండాలి.

జై భీమ్.